బ్రౌన్‌లు ఎందరున్నా తెలుగువారికి ఒక్కరే

బ్రౌన్ అనేది ఇంగ్లండులో సర్వసాధారణమైన ఇంటిపేరు. నీటిలో సూక్ష్మకణాల చలనాన్ని 1827లో పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ప్రపంచ ప్రసిద్ధుడు. అమెరికాలో ఆ ఇంటిపేరుతో ఒక విశ్వవిద్యాలయమే ఉంది. తెలుగువారికి మాత్రం బ్రౌన్ అంటే చార్లెస్ ఫిలిప్ బ్రౌనే.

1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించిన ఆయన, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరుకున్నారు. 1820లో కడపకు వచ్చాక తెలుగుపై మక్కువ పెంచుకున్నారు. తాటాకు ప్రతులు చెదల పాలవుతున్న కాలమది. బ్రౌన్ వాటిని ఊరూరా సేకరింపజేశారు. కడపలో బంగళా కొని, పండితులకు సొంత జీతం నుంచి వేతనాలిచ్చి, ప్రతులను పోల్చి చూసి పరిష్కరింపజేశారు. అప్పుల్లో కూరుకుపోయినా ఆ పని విడువలేదు.

వేమన పద్యాలను 1829లో ఆంగ్లానువాదంతో వెలువరించారు. 1840లో వ్యాకరణం, 1850ల తొలినాళ్లలో నిఘంటువులు ప్రచురించారు. గ్రాంథిక పదాలతోపాటు జనం నోట నలిగే మాటలకూ వాటిలో చోటిచ్చారు. పదవీ విరమణ అనంతరం లండన్‌లో తెలుగు ఆచార్యునిగా పనిచేసి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి.

ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం తరలివచ్చి, భిలాయి పవర్ హౌస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలకు మాతృభాష ఎలా అందించాలన్నది తరతరాల ప్రశ్న. ఇంట తెలుగు వినకుండా పెరిగి, ఇరవై ఏళ్ల ప్రాయంలో అక్షరాలు దిద్దిన బ్రౌన్ జీవితం వారికి కొండంత భరోసా.