డాక్టరు సూసన్ లాఫ్లెష్ పికాట్

స్వజనుల సేవకై విద్య నార్జించి, ఆ సేవలోనే దేహమును అరగదీసికొనిన యొక వనిత చరిత్రమును చదువరులకు నివేదించుచున్నాము. అమెరికా ఆదిమజాతులలో వైద్యపట్టము పొందిన ప్రథమ మహిళ యీమెయే.

సూసన్ 1865వ సంవత్సరము జూన్ 17వ తేదీన, నెబ్రాస్కా రాష్ట్రమున ఓమహా జాతివారికి మిగిలిన భూభాగమునందు జన్మించెను. తండ్రి జోసెఫ్ లాఫ్లెష్ ఆ జాతి నాయకుడు. కాలము మారుచున్నదనియు, తన బిడ్డలు తెల్లవారి చదువును నేర్వక తప్పదనియు ఆయన దృఢముగా నమ్మెను.

బాల్యమున నొక రాత్రి సూసన్ రోగపీడితురాలగు నొక వృద్ధురాలి చెంత కూర్చుండెను. సర్కారు వైద్యునికి నాలుగు మారులు కబురు పోయెను. వచ్చెదనను మాటయే వచ్చెను గాని వైద్యుడు రాలేదు. తెల్లవారునప్పటికి వృద్ధురాలు కన్నుమూసెను. ఓమహా ప్రాణమునకు ఆ వైద్యుని లెక్కలో విలువ యెంతయో ఆ బాలికకు నాడే తెలిసినది. ఆమె జీవితమంతయు ఆ రాత్రికి ప్రత్యుత్తరమని మా తలంపు.

వర్జీనియాలోని హాంప్టను విద్యాలయమున చదివి, 1886లో ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చేరెను. మన దేశపు ఆనందీబాయి జోషి పట్టము పుచ్చుకొనినదియు ఆ కళాశాలలోనే, ఆ యేడే. కనెక్టికట్ రాష్ట్రపు స్త్రీల సంఘమొకటి సూసనుకు ద్రవ్యసహాయ మొనర్చెను. 1889లో ఆమె తన తరగతిలో ప్రథమురాలై ఉత్తీర్ణురాలయ్యెను. దాతల ధనము ఇంతకంటె సార్థకమగుట అరుదు.

పట్టము చేతబట్టి ఆమె స్వస్థలమునకే మరలెను. మొదట బడిపిల్లలకు, పిదప జాతికంతకు వైద్యురాలయ్యెను. 1,200లకు పైబడిన జనమునకు ఆమె యొక్కతెయే దిక్కు. గడ్డకట్టు చలిలో సైతము గుర్రముపైనను, బండిలోను దూరపు టిండ్లకు పోయెడిది. రోగి బాధను దుబాసి లేకుండ అతని భాషలోనే వినెడిది. మందిచ్చుటతో పని తీరినదనుకొనక, ఉత్తరములు వ్రాసి పెట్టుట, సర్కారు కాగితముల కర్థము చెప్పుట కూడ తన విధిగా నెంచెను. విశ్వాసము కలుగనిచో ఔషధము గొంతు దిగదని ఆమె కెరుక.

ఈ శ్రమకు దేహము తాళలేదు. 1893లో ఉద్యోగము వదలెను. 1894లో హెన్రీ పికాట్ అను నాతని వివాహమాడి, ఇద్దరు కుమారులను కనియు, వైద్యమును మానక ఓమహావారికిని తెల్లవారికిని సమానముగా చికిత్స చేసెను. 1905లో వైధవ్యము ప్రాప్తించెను. అయినను క్షయవ్యాధిపైనను, మద్యముపైనను, పలువురు ఒకే పాత్రతో నీరు త్రాగు అలవాటుపైనను పోరు సాగించెను. తమ భూములపై అధికారము తమకే యుండవలెనని 1910లో వాషింగ్టను పోయి జాతి పక్షమున వాదించెను.

సర్కారు ధనము లేకయే, చందాలతో 1913లో వాల్ట్‌హిల్ గ్రామమున ఆసుపత్రి వెలసెను. అది ఆమె చిరకాల వాంఛితము. రెండేండ్లకే, 1915 సెప్టెంబరు 18వ తేదీన, ఏబదవ యేట ఆమె పరమపదించెను. ఆసుపత్రికి ఆమె పేరే పెట్టిరి.

నాడు నాలుగు కబుర్లకును రాని వైద్యుని స్థానమున, పిలిచిన వెంటనే బయలుదేరు వైద్యురాలిని ఆ జాతియే కని పెంచుకొనెను. చదువుకొన్న బిడ్డలను గూర్చి మనమును ఇంతకంటె కోరదగిన దేమున్నది?