డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తెలుగుదేశమున జనించి, దూరదేశమున విజ్ఞానమునకై తమ జీవితమును ధారపోసిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వారికి చదువు సులభముగా అబ్బలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులోని హిందూ ఉన్నతపాఠశాలనుండి ఉత్తీర్ణులైరి.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరి, గాంధీమహాత్ముని బోధచే ఖద్దరు ధరించిరి. అది శస్త్రచికిత్స నేర్పు ఆంగ్ల ఆచార్యునకు రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఇంతలో స్ప్రూ అను రోగము వారి సోదరుల నిరువురను బలిగొనెను. ఈ రోగమున ప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలవు. రోగి రక్తహీనుడై కృశించును. వైద్యము చదివినను సోదరులను కాపాడుకొనలేని దుఃఖము సుబ్బారావుగారిని పరిశోధనకు పురికొల్పెను.

1922లో వారు అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్యము అభ్యసించిరి. పొట్టపోసికొనుటకై రాత్రులందు ఆసుపత్రిలో కూలిపని చేసిరి. తరువాత ఫిస్కే అను ఆచార్యునితో గూడి, రక్తమూత్రములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించిరి. పని చిన్నదే; కాని అదియే తాళపుచెవి యయ్యెను. ఆ కొలతతోనే కండరములను పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఎ.టి.పి.ని వెల్లడించిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఎ.టి.పి.ని వేరుగా కనుగొనెను.

ఎ.టి.పి. జీవకణమునకు శక్తి నిచ్చునది. అంతియేకాదు, కణములోని వార్తలు సాగుటకును అదియే ఆధారమని తరువాతి కాలమున తేలినది. కైనేజులను మాంసకృత్తులు ఎ.టి.పి.నుండి భాస్వరపు ముక్కను గైకొని ఇతర మాంసకృత్తులకు తగిలించును. అది తగిలినంతనే కొన్ని పనికి పూనుకొనును, కొన్ని పని మానును. దీనిని కనుగొనిన క్రెబ్స్, ఫిషర్ గార్లకు 1992లో నోబెలు బహుమానము లభించెను. ఒక కైనేజు చురుకుదనమును పరీక్షించుటకు ఏడు అమైనో ఆమ్లములను గొలుసుగా కూర్చి కెంప్టైడు అను చిన్న పెప్టైడును తయారుచేసినారు. దానిని కైనేజుతోను ఎ.టి.పి.తోను కలిపి, దానికి ఎంత భాస్వరము అంటెనో కొలుతురు. నాడు సుబ్బారావుగారు ఓర్పుతో చేసినదియు భాస్వరపు కొలతయే గదా!

హార్వర్డులో తగిన స్థానము లభింపనందున 1940లో వారు లెడర్లీ పరిశోధనాలయమునకు తరలిరి. అచ్చట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. సోదరులను చంపిన స్ప్రూ రోగమునకు అది ఔషధమైనది. బోదకాలు వ్యాధికి మన గ్రామములలో పంచెడు డి.ఇ.సి. మందును, పసిపిల్లల రక్తపు కేన్సరును తొలుత తగ్గించిన అమినాప్టెరినును ఆ పరిశోధనాలయముననే పుట్టినవి.

మాతృదేశమున విడిచి వచ్చిన భార్య శేషగిరిగారిని వారు మరల చూడలేదు. 1948 ఆగస్టు మాసమున, 53 ఏండ్ల ప్రాయమున, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి. 1995లో భారతప్రభుత్వము వారి స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను.

విద్యార్థులారా! పరీక్ష తప్పుట జీవితము తప్పుట కాదు. చిన్నపనిని నిర్లక్ష్యము చేయక, ఓర్పుతో సరిగా చేసినవాని శ్రమ వాని కన్నుమూసిన పిమ్మటను లోకమునకు ఫలించుచునే యుండును.