థియోడర్ బొవేరి

కణం విభజన చెందుతుంది. తగినంత పెరిగాక ఆ విభజన ఆగుతుంది. ఆగవలసిన చోట ఆగని కణమే క్యాన్సర్ కంతికి మూలం. ఆ ఆజ్ఞ కణంలో ఎక్కడ ఉన్నదో తొలిగా ఊహించిన మేధావి థియోడర్ బొవేరి.

ఇతడు 1862 అక్టోబరు 12న జర్మనీలోని బాంబెర్గ్ పట్టణంలో జన్మించాడు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, తత్త్వశాస్త్రాలు చదవబూని, అనతికాలంలోనే శరీరనిర్మాణ శాస్త్రం వైపు మరలాడు. 1893లో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అమెరికా నుండి పరిశోధనకై వచ్చిన మార్సెల్లా ఓగ్రేడీని 1897లో పరిణయమాడాడు. ఆమె ఆయన ప్రయోగాలలోనూ సహచరి.

బొవేరి కీర్తికి ఆధారం సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవి. దాని అండంలో 18, శుక్రకణంలో 18 క్రోమోజోములుంటాయి. ఒకే అండంలోకి రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే మొత్తం 54 అవుతాయి. అవి రెట్టింపై 108గా మారి, ఒక్కసారిగా నాలుగు కణాలకు పంపకమవుతాయి. ఆ పంపకంలో క్రమమేమీ ఉండదు. ఇట్టి పిండాలలో దాదాపు అన్నీ నశించాయి. ఆ నాలుగు కణాలను విడదీసి పెంచగా ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా వికసించి చెడింది. కొరత సంఖ్యలో మాత్రమే అయితే ఇంత భేదం ఉండరాదు. కనుక ప్రతి క్రోమోజోముకూ ప్రత్యేక గుణముందని 1902లో ఆయన నిర్ధారించాడు.

ఈ చెదరిన కణాలే ఆయనకు క్యాన్సర్‌ను స్ఫురింపజేశాయి. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. బెర్లిన్‌లో నెలకొల్పుతున్న గొప్ప పరిశోధనాలయపు అధిపత్యాన్ని సైతం అనారోగ్యం వల్లనే 1913లో వదులుకొన్నాడు. అయినా మరుసటి ఏడు కంతుల పుట్టుకపై చిన్న గ్రంథం వెలువరించాడు. విభజనను అడ్డగించే క్రోమోజోములు కొన్ని ఉంటాయనీ, అవి లోపిస్తే కణం అదుపు తప్పుతుందనీ అందులో ప్రతిపాదించాడు. వైద్యుడు కాని వాని ఊహను నాటి వైద్యలోకం అంతగా ఆదరించలేదు. 1915 అక్టోబరు 15న, 53 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. ఆ గ్రంథాన్ని మార్సెల్లా ఆంగ్లంలోకి అనువదించగా 1929లో వెలువడింది.

1979లో శాస్త్రజ్ఞులు పి-53 అనే ప్రోటీన్‌ను కనుగొన్నారు. విచిత్రమేమంటే, పదేళ్ళపాటు దానిని క్యాన్సర్‌కు కారకమనే భావించారు! అది కావలివాడని 1989లో తేలింది. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నప్పుడు పి-53 దానిపై చేరి, మరొక జన్యువును మేల్కొలుపుతుంది. ఆ జన్యువు నుండి పుట్టే పి-21 ప్రోటీన్ కణవిభజనను నిలిపివేస్తుంది. మానవుల క్యాన్సర్లలో సుమారు సగం వాటిలో ఈ పి-53 జన్యువే చెడి ఉంటుంది.