కుదరని ఆటలు నేర్పిన పాఠం

వేసవి వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సంఘాల్లో వి.బి.ఎస్.లు, యవ్వనస్థుల కూడికలు మొదలవుతాయి. పాటలు, వాక్యం సిద్ధపరచుకున్నట్టే ఆటలూ సిద్ధపరచుకుంటాం. అయినా కొన్ని కుదరవు. కబడ్డీ కాస్తా కొట్లాట అవుతుంది. ఆడపిల్లలు గోడవారన నిలబడిపోతారు. పెద్ద పిల్లలు ఫోన్లు తీసి చెట్టు కిందికి చేరతారు. ఈ కాలం పిల్లలింతే అని విసుక్కుంటాం. ఆ విసుగు మాకూ కొత్త కాదు. అందుకే ఈ వారం జేమ్స్ నైస్మిత్ జీవితాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

ఆయన 1861లో కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టారు. 1870లో టైఫాయిడ్ తల్లిదండ్రులిద్దరినీ తీసుకుపోయింది. మేనమామ పెంచారు. చదువు మధ్యలో మాని అడవుల్లో కలప పనికి వెళ్లారు. కొన్నేళ్లకు మళ్లీ బడిలో చేరి, మాంట్రియల్‌లో డిగ్రీ, వేదాంత విద్య పూర్తి చేశారు. సేవకు సిద్ధపడేవానికి రగ్బీ ఏమిటని తోటివారు బాధపడేవారు. ఒకసారి ఆటలో పక్కవాడు బూతుమాట అని, నైస్మిత్ ఉన్నారని గుర్తొచ్చి క్షమాపణ అడిగాడు. ప్రసంగ వేదిక మీదే కాదు, మైదానంలోనూ యువకులను మేలువైపు నడిపించవచ్చని ఆయనకు తోచింది.

1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్లారు. మరుసటి ఏడాది చలికాలంలో ఆయనకు 18 మంది యువకుల తరగతి అప్పగించారు. బయట ఆడలేరు, లోపల కసరత్తులంటే వారికి విసుగు. అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. కొత్త ఆట కనిపెట్టడానికి లూథర్ గ్యూలిక్ 14 రోజుల గడువిచ్చారు.

నైస్మిత్ మొదట చిన్నపిల్లల ఆటలు ఆడించారు. కాసేపటికే ముఖాలు వాడిపోయాయి. రగ్బీలాంటి అమెరికా ఫుట్‌బాల్‌ను మెత్తగా మార్చారు, ఎవరికీ నచ్చలేదు. మనం ఎరిగిన ఫుట్‌బాల్ నాలుగు గోడల మధ్య పెడితే కిటికీలకు ముప్పు వచ్చింది. వలకర్రలతో ఆడే లాక్రోస్ పెడితే చేతులకు, ముఖాలకు దెబ్బలు తగిలాయి. గడువు దగ్గరపడింది.

అప్పుడాయన తప్పు పిల్లల్లో వెదకలేదు, ఆటలో వెదికారు. బంతి పట్టుకుని పరుగెత్తితేనే కదా మీదపడి పడగొట్టేది? కాబట్టి పరుగు మానిపించారు. చిన్నప్పుడు ఆడిన ఆట గుర్తొచ్చింది. మన ఏడు పెంకులాటలా దూరం నుంచి గురిచూసి, బండ మీది రాయిని మరో రాయితో పడగొట్టే ఆట అది. బలంగా కొట్టడంకన్నా నేర్పుగా ఎగరేయడం మేలని అందులో నేర్చుకున్నారు. రెండు పీచ్ పండ్ల బుట్టలు 10 అడుగుల ఎత్తున కొట్టించి, 13 నియమాలు రాసి గోడకు పెట్టారు. 1891 డిసెంబరులో, జట్టుకు తొమ్మిదిమందితో మొదటి ఆట జరిగింది. పడింది ఒక్క గోలే. కానీ ఆ యువకులు ఆ ఆటను వదల్లేదు. దానికి ఆయన పేరే పెడదామని ఒక విద్యార్థి అంటే నవ్వి వద్దన్నారు. అది బాస్కెట్‌బాల్ అయింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించారు. ఆ విధంగా ఆ ఒరవడి మన దక్షిణాదికీ చేరింది.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో నైస్మిత్ శిక్షణ ఇచ్చిన జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది. ఆట కనిపెట్టినవారికే గెలుపుకన్నా ఓటమి ఎక్కువ! అయినా ఆయన యువకులను విడిచిపెట్టలేదు. తర్వాత పాస్టరుగా అభిషేకం పొందారు, సైనికుల మధ్య పరిచర్య చేశారు. 1939లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియ యూత్ లీడర్లారా, ఈ సాయంత్రం ఆట చెడిపోతే చెడిపోనివ్వండి. దానికోసం ఒక కుర్రవాణ్ణి అందరిముందు తిట్టి పంపేస్తే, వాడు ఆటకే కాదు, ఆదివారం ఆరాధనకూ రాకపోవచ్చు. ఆట ఎక్కడ తప్పిందో రాత్రి కూర్చుని ఆలోచించండి. గోడవారన నిలబడిన ఆ అమ్మాయిని, నీకు ఏ ఆట వచ్చమ్మా అని అడగండి. రేపు దానితోనే మొదలుపెట్టండి.