మన్రో దొర వినని అర్జీ

మా రొద్దంలో నాయన పొలం కాగితాల కోసం ఇనప్పెట్టె తెరిచినప్పుడల్లా ఒక పేరు తప్పకుండా వినబడేది. మన్రో దొర. మా పొలానికి హద్దులు, నంబర్లు అన్నీ ఆయన పెట్టినవేనని మా తాత చెప్పేవాడంట. అది పూర్తిగా నిజం కాదు, ఆ తర్వాత సర్వేలు చాలా జరిగాయి. కానీ మా సీమలో ఈ మాట తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు అట్లే వచ్చింది. మాకున్న పొలంలో రెండెకరాలు పాత రికార్డులో ఇనాం అని రాసుంది. దాన్ని సరిచేయించుకోడానికి నాయన ఒక ఆఫీసు చుట్టూ మూడేళ్లుగా తిరుగుతున్నాడు. నేను సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆయనతో పాటు పోయి వరండాలో కూర్చుంటా. అట్లా కూర్చున్న ఒకరోజు ఫోన్‌లో మన్రో గురించి చదవడం మొదలుపెట్టాను. అర్జీ ఒకటి పెట్టి రోజులు లెక్కపెట్టే మాకే ఇట్లుంటే, ఆయన కాలంలో ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్న పాలెగాళ్లు అర్జీ ఎక్కడ పెట్టుకున్నారో అనిపించింది. ఈ వ్యాసం అక్కణ్ణుంచి పుట్టింది.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నప్పుడు తట్టు పోసి పిల్లవాడికి కొంచెం చెవుడు మిగిలింది. ఇంతలో అమెరికా వలసలు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డాయి. ఆ యుద్ధంలో తండ్రి వ్యాపారం కూలిపోయింది. ఎక్కడో జరిగిన తిరుగుబాటు వల్ల ఇంటి ఆస్తి పోవడం అంటే ఏమిటో మన్రోకు చిన్నప్పుడే తెలుసు. ఇది నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

1780 జనవరిలో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. ఆ ఏడే హైదర్ అలీ మీద యుద్ధానికి పోయాడు. 1792 నుంచి ఏడేళ్లు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేశాడు. రైతుతో నేరుగా లెక్క చూసుకునే పద్ధతి, అంటే మనం పరీక్షల కోసం బట్టీ పట్టిన రైత్వారీ, ఆయన అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు కెనరా. 1800 అక్టోబరులో నిజాం తన దగ్గరున్న కంపెనీ పటాలం ఖర్చు కింద మన ప్రాంతమంతా కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలో కొంత భాగం. అందుకే దత్తమండలాలు అన్నారు. పెనుకొండ సీమ, అందులో మా రొద్దం, ఆ మూటలోనే చేతులు మారాయి. టిప్పు నుంచి 1799లో నిజాముకు, మరుసటి ఏడు కంపెనీకి. ఊరు కదల్లేదు గానీ దొరలు మాత్రం మారిపోయారు.

మన్రో ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. నలుగురు సబ్ కలెక్టర్లు, ఒక గుడారం, ఒక గుర్రం. బంగళాలో కూర్చోకుండా ఊరూరా తిరిగాడు. చెట్టు కింద కచేరీ పెడితే రైతులు చుట్టూ చేరి గంటలకొద్దీ మొరపెట్టుకునేవాళ్లు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలమూ కొలిపించాడు. మన సివిల్ బ్రాంచి వాళ్లు ఒకసారి లెక్కేసుకోండి: 33 ని 33 తో గుణిస్తే 1089 చదరపుటడుగులు, ఒక గుంట. అట్లాంటివి నలభై అయితే సరిగ్గా ఎకరా, 43,560. మా వైపు ముసలోళ్లు ఇప్పటికీ గుంటల్లోనే మాట్లాడతారు.

ఆయన వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్లున్నారు. ఒక్కొక్కరికి ఒక కోట, కొన్ని ఊళ్లు, చేతిలో బంట్లు. కొందరు విజయనగర రాజుల కాలం నుంచీ ఉన్నవాళ్లు. హైదరూ టిప్పూ చాలామందిని తరిమేశారు. టిప్పు ఓడిపోయాక, నిజాం పట్టు సడలినప్పుడు, వాళ్లు తిరిగొచ్చి పాత పాళేల్లో కూర్చున్నారు. మన్రో 1802 మార్చిలో ఒక్కొక్క వంశం చరిత్ర తవ్వి పెద్ద నివేదిక రాశాడు. దాని సారం ఏమంటే వీళ్లు భూమికి హక్కుదార్లు కారు, రాజు బలహీనపడినప్పుడు ఆక్రమించుకున్నవాళ్లు, కాబట్టి తీసేసుకోవచ్చు.

తీసేసుకున్న పద్ధతి చూడండి. ముందు పేష్కష్, అంటే పాలెగాడు కట్టాల్సిన కప్పం, హైదర్ కాలంలోని గట్టి లెక్కల ప్రకారం పెంచాడు. బంట్లను పంపించేయమన్నాడు. ఊరి కావలి మీద వచ్చే రుసుములు ఆపేశాడు. రాబడి తగ్గి కప్పం పెరిగితే బాకీ పడక తప్పదు. బాకీ పడితే పాళెం పోతుంది. ఎదురు తిరిగితే జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ పటాలంతో వస్తాడు, అప్పుడు తిరుగుబాటుదారు అనే పేరు కూడా తోడవుతుంది. కొందరు గుత్తి కోటలో బందీలయ్యారు. కొందరికి నెలనెలా భరణం. అనంతపురాన్ని ఏలిన హండే వాళ్లు చివరికి సిద్దరాంపురంలో కంపెనీ ఇచ్చిందాని మీద బతికారు.

పాలెగాళ్లు మంచివాళ్లని నేను అనడం లేదు. రైతు దగ్గర ఒకసారి సర్కారు, ఒకసారి పాలెగాడు, మధ్యలో వాడి బంట్లు, ఇట్లా మూడుసార్లు పిండిన రోజులవి. వాళ్లు పోయాక మా ముత్తాతల్లాంటి వాళ్లు ఊపిరి పీల్చుకునే ఉంటారు. నాకు గుచ్చుకునేది వేరే. ఆ ఎనభై కేసుల్లో ఫిర్యాది మన్రో, సాక్షి మన్రో, తీర్పరి కూడా మన్రోనే. నివేదిక ఆయన రాశాడు, ఆ నివేదికే రుజువయింది. పాలెగాడి కాగితం చదివి రెండో మాట చెప్పే న్యాయస్థానమే లేదు. ఇది లండన్‌లో కంపెనీ డైరెక్టర్లకు కూడా రుచించలేదు. పాలెగాళ్లను కావాలనే కట్టలేని స్థితికి నెట్టి వెళ్లగొట్టారని మందలించారు. మన్రో తన పని సమర్థించుకున్నాడు. పోయిన పాళేలు మాత్రం పోయినట్టే.

రాజు మీద తిరగబడినవాళ్ల ఆస్తి జప్తు చేయడం మన్రో కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోనే 1265లో సైమన్ డి మాంట్‌ఫర్ట్ పక్షం ఓడిపోగానే వాళ్ల భూములన్నీ రాజు లాగేసుకున్నాడు. భూమి పోయినవాళ్లు అడవుల్లో, కోటల్లో చేరి కొట్లాట ఆపలేదు. చివరికి 1266లో కెనిల్‌వర్త్ దగ్గర ఒక కట్టుబాటు చేశారు. ఎవరి నేరం ఎంతో చూసి, భూమి ఏడాది రాబడికి ఐదింతలో, ఏడింతలో, కొందరైతే రెండింతలో కట్టి భూమి విడిపించుకోవచ్చు. తగాదా వస్తే వినడానికి జడ్జీలను పంపారు. వాళ్లలో చాలామంది అప్పులపాలయ్యారు, అది వేరే కథ. కనీసం అర్జీ పెట్టుకోడానికి ఒక గుమ్మం ఉండింది. ఐదు వందల ఏళ్లకు పైగా గడిచాక, అదే దేశం పేరు మీద వచ్చిన కలెక్టరు దగ్గర మనవాళ్లకు ఆ గుమ్మం కూడా దొరకలేదు.

అట్లాగని మన్రో ఎవరి మాటా వినని మనిషి కాదు. అదే నన్ను తికమక పెట్టింది. మంత్రాలయం కథ అందరికీ తెలిసిందే. మఠం ఇనాం భూములు సర్కారు వెనక్కి తీసుకోవాలా అని విచారించడానికి పోయిన మన్రో, బృందావనం ముందు నిలబడి రాఘవేంద్రస్వామితో మాట్లాడాడని, పక్కనున్న వాళ్లెవరికీ స్వామి కనబడలేదని, ఇనాం అట్లే ఉంచేశాడని చెబుతారు. గెజిటీరులో కూడా ఈ సంగతి ఎక్కింది. మా అవ్వ ఈ కథ చెప్పి కళ్లు తుడుచుకునేది. నాకైతే ఇప్పుడు ఇంకొకటి తోస్తుంది. సమాధిలో ఉన్న స్వామి వాదన విన్న దొర, బతికి ఎదురుగా ఉన్న పాలెగాడి వాదన వినలేదు.

రైతు విషయంలో మాత్రం తన లెక్క తప్పని తనే ఒప్పుకున్నాడు. ఏడేళ్లలో దత్తమండలాల రాబడిని సుమారు నాలుగు లక్షల పౌండ్ల నుంచి ఆరు లక్షలకు పెంచినవాడు, 1807లో పోతూ పోతూ శిస్తు పావు వంతు తగ్గించాలని రాశాడు. పైవాళ్లు వినలేదు, ఊళ్లు గుత్తకిచ్చి రైతుల్ని మళ్లీ నలిపారు. మన్రో 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని, న్యాయ వ్యవస్థను చక్కదిద్దే కమిషన్‌కు పెద్దగా తిరిగొచ్చాడు. 1816 రెగ్యులేషన్లు ఆయన చలవే. ఊరి మునసబుకు చిన్న దావాలు వినే అధికారం, ఊరి పంచాయతీకి చట్టంలో చోటు, దేశీయులకు జిల్లా మునసబు ఉద్యోగాలు. పాలెగాళ్లకు కోర్టు లేకుండా చేసిన మనిషే ఊరూరికీ కోర్టు తెచ్చాడు! 1820లో మద్రాసు గవర్నరయ్యాక శిస్తు తగ్గింపు కూడా అమల్లో పెట్టాడు.

1827లో పదవి దిగి ఇంటికి పోవాల్సినవాడు, తను మొదట తిరిగిన సీమను ఒకసారి చూసిపోదామని బయల్దేరాడు. భార్య అప్పటికే జబ్బుపడిన బిడ్డతో ఇంగ్లండు వెళ్లిపోయింది. దారిలో దండులో కలరా తగిలింది. జులై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, కొన్నేళ్లకు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. కడప జిల్లా గండిలో కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనబడిందని, చావు దగ్గరపడిన వాళ్లకే అది కనబడుతుందని చెప్పుకుంటారు. జనం ఆయన్ని మాండవ ఋషి అన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు.

ఆయన పోయిన పందొమ్మిదేళ్లకు ఆ పాత బాకీ బయటపడింది. నొస్సం పాలెగాళ్ల బంధువు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు భరణం వచ్చేది. నొస్సం వంశంలో వారసులు లేక ఆగిపోయిన భరణంలో తనకూ వాటా రావాలని అడిగాడు. కాదన్నారు. అదే కాలంలో ఊరి కావలి కాసే కట్టుబడి వాళ్ల ఇనాం భూములు సర్కారు లాగేసుకుంటోంది, వాళ్లంతా ఆయన వెంట నడిచారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని అక్కడే ఉరితీసి, తలను కోట గుమ్మానికి ముప్పై ఏళ్ల పాటు వేలాడదీశారు. భరణం హక్కా, దయా? ఈ తగాదా కోర్టులో తేలి ఉంటే ఆ తల నిలిచేదేమో. కానీ కోర్టు ఆ దారి తెరవనే లేదు. 1859లో తంజావూరు రాణి కేసులో, సర్కారు రాజ్యాధికారంతో తీసుకున్న ఆస్తి గురించి తాము అడగలేమని ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది. 1871 పెన్షన్ల చట్టం, భరణాల దావా సివిల్ కోర్టు వినాలంటే ముందు కలెక్టరు సర్టిఫికెట్ కావాలంది. అంటే తీసుకున్నవాడే సరేనంటేనే కేసు.

పోయిన వేసవిలో గుత్తి కోట కింద ఉన్న ఇంగ్లీషు వాళ్ల శ్మశానానికి పోయాను. మన్రో పేరున్న రాయి ముందు చాలాసేపు నిలబడ్డా. దండం పెట్టాలో వద్దో తేలక పెట్టకుండానే వచ్చేశా. అవ్వకు చెబితే మొహం తిప్పుకుంది. నాయన మాత్రం ఏమీ అనలేదు. అర్జీ రసీదులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు సర్దుకుంటున్నాడు. సోమవారం మళ్లీ పోవాలి.