కరుణకు ఒక చిరునామా

ఆధునిక భారత చరిత్ర పాఠం 1897 దగ్గరికి రాగానే విద్యార్థులను ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. ఆ ఏడాది పుణెలో ఏం జరిగింది? జవాబు ఎప్పుడూ ఒకటే. ప్లేగు వచ్చింది. ప్లేగు కమిషనర్ రాండ్ సైనికులను ఇళ్లలోకి పంపాడు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు అతణ్ణి కాల్చారు. తిలక్‌కు రాజద్రోహం కేసులో 18 నెలల శిక్ష పడింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలైతే తేదీలతో సహా అప్పజెబుతారు. అదే ప్లేగులో, ఆ కాల్పులకు మూడు నెలల ముందు, అదే పుణె శివార్లలో రోగులకు సేవ చేస్తూ అరవై ఆరేళ్ల స్త్రీ ఒకరు చనిపోయారు, ఆమె ఎవరు అని అడిగితే మాత్రం తరగతి మౌనం వహిస్తుంది. పేరు చెప్పాక అందరూ గుర్తుపడతారు. సావిత్రీబాయి ఫూలే, తొలి ఉపాధ్యాయిని. ఆ ఒక్క మాట దగ్గర మన జ్ఞాపకం ఆగిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆమె జయంతిని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. సంతోషించదగిన విషయమే. అయితే పటానికి వేసే దండలో ఆమె జీవితంలోని రెండో సగం కనబడకుండా పోతున్నదని నా ఫిర్యాదు. బడి పెట్టిన సావిత్రీబాయి మనకు సులువుగా అర్థమవుతుంది. విధవలకు పురుడు పోసిన సావిత్రీబాయి, కరువులో గంజి కాచిన సావిత్రీబాయి, మహర్ వాడ నుంచి ప్లేగు సోకిన పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చిన సావిత్రీబాయి మనల్ని కొంత ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది గురించే ఈ వ్యాసం.

1831 జనవరి 3న సతారా జిల్లా నాయ్‌గావ్‌లో మాలీ కులంలో ఆమె పుట్టింది. మరాఠీ ప్రాంతంలో మాలీలు పూలు, కూరగాయలు పండించే శూద్ర కులం; పేరులోని పోలిక చూసి మన మాలలతో కలపరాదు. తొమ్మిదో ఏట పదమూడేళ్ల జోతీరావుతో పెళ్లయింది. చదువు అత్తవారింట మొదలైంది. 1848లో పుణెలోని భిడేవాడలో బాలికల పాఠశాల తెరుచుకునే నాటికి ఆమెకు పదిహేడేళ్లు. వీధిలో నడిచి వెళ్తుంటే పేడ, బురద విసిరేవారు. బడికి వెళ్లాక మార్చుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకెళ్లేది. ఆ రెండో చీర కథ ఇప్పుడు అందరికీ తెలుసు. మరుసటి ఏడాది మామగారు గోవిందరావు లోకానికి జడిసి కొడుకునూ కోడలినీ ఇల్లు వదిలి పొమ్మన్నారు. ఉస్మాన్ షేక్ తన ఇంట చోటిచ్చాడు. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయితో కలిసి పాఠాలు చెప్పింది. మహర్, మాంగ్ పిల్లలకు బడులు ఆ తర్వాత వచ్చాయి.

ఇంతవరకు న్యాయం కోసం జరిగిన పోరాటం. తర్వాతి మలుపు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

1863లో పుణెను ఒక కేసు కుదిపింది. ఫూలే దంపతుల మిత్రుడు గోవండే ఇంట్లో కాశీబాయి అనే బ్రాహ్మణ విధవ వంట చేసేది. ఒక శాస్త్రి ఆమెను లోబరచుకుని, గర్భం రాగానే చేతులు దులుపుకున్నాడు. పుట్టిన బిడ్డను ఆమె తన చేతులతోనే చంపి బావిలో పడేసింది. ఆమెకు అండమాన్‌లో యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. శాస్త్రికి ఏ శిక్షా లేదు. నిజానికి అది ఒక్క కాశీబాయి కథ కాదు. బాల్యంలో పెళ్లి, బాల్యంలోనే వైధవ్యం, మళ్లీ పెళ్లి లేదు, గుండు, ఒంటిపూట తిండి, బంధువుల ఇంట్లో వెట్టి. కులం తన రక్తశుద్ధిని కాపాడుకోవడానికి కట్టిన గోడలో మొదట పూడ్చిపెట్టింది తన ఇంటి ఆడపిల్లలనే.

ఆ ఏడాదే ఫూలే దంపతులు తమ ఇంటి ఆవరణలో బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. గర్భవతులైన విధవలు రహస్యంగా వచ్చి ప్రసవించవచ్చునని, బిడ్డను తీసుకెళ్లవచ్చు లేదా అక్కడే వదిలి వెళ్లవచ్చునని ఊరి గోడల మీద ప్రకటనలు అంటించారు. నాకు ఆ గోడ ప్రకటన చాలా పెద్ద విషయంగా తోస్తుంది. దయ అనేది మనసులో కలిగే మెత్తని భావం అనుకుంటాం. ఇక్కడ దానికి ఒక చిరునామా ఉంది, తలుపు ఉంది, ఆ తలుపు వెనుక రాత్రివేళ లేచి నీళ్లు కాచే మనిషి ఉంది. పురుళ్లు, బాలింతల సేవ, పసివాళ్ల పెంపకం సావిత్రీబాయి చేతుల మీద నడిచాయి. 1884 నాటికి ముప్పై అయిదుగురు విధవలు ఆ తలుపు తట్టారు. వారు బ్రాహ్మణ స్త్రీలు. ఆమె మీద పేడ విసిరిన వీధుల నుంచే వచ్చినవారు.

ఇక్కడే కొన్నేళ్ల క్రితం ఒక దళిత విద్యార్థిని నన్ను నిలదీసింది. అవమానం పొందినవాళ్లే ప్రేమ కూడా పంచాలా? పేడ తిన్నవాళ్లే పురుడు పోయాలా? సమాజం మాకు ఎప్పుడూ చెప్పేది ఇదే కదా, ఓర్చుకోండి, క్షమించండి అని? ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆమె ప్రశ్నలో పస ఉంది. కారంచేడు తర్వాతా చుండూరు తర్వాతా సామరస్యం గురించి బాధితులకు బోధించినవారిని ఈ నేల చూసింది. పీడితుల మీద మోపిన కరుణ మరో రకం వెట్టిచాకిరీ. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

కానీ సావిత్రీబాయిది ఆ కరుణ కాదని చెప్పడానికి నాకు ఆమె జీవితమే ఆధారం. ఆమె ఎవరినీ క్షమించలేదు. 1854లో వచ్చిన కావ్యఫులేలో శూద్రుల, అతిశూద్రుల దైన్యానికి కారణమైన వ్యవస్థను ఎండగట్టింది. విద్యను, ప్రత్యేకించి ఇంగ్లీషు చదువును విముక్తి ఆయుధంగా చూపింది. ఆ కోపం ఆమెలో చివరిదాకా చల్లారలేదు. ఒకే మనిషి ఒక చేత్తో మనుధర్మాన్ని ఖండిస్తూ, రెండో చేత్తో ఆ ధర్మం వెలివేసిన స్త్రీ తల నిమిరింది. వ్యవస్థను, అది నలిపేసిన మనిషిని వేరుచేసి చూడటం వల్లనే అది సాధ్యమైంది. బ్రాహ్మణ విధవను కాపాడటం బ్రాహ్మణ్యానికి చేసిన సేవ కాదు. అది పూడ్చిపెట్టదలచిన సాక్షిని బతికించడం.

అలా బతికినవాడే యశ్వంత్. 1874లో చావడానికి సిద్ధపడిన మరో బ్రాహ్మణ విధవను జోతీరావు ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె ప్రసవించిన బిడ్డను సంతానం లేని ఆ దంపతులు దత్తత తీసుకుని డాక్టర్ చదివించారు. మాలీ ఇంట బ్రాహ్మణ విధవ కొడుకు వారసుడయ్యాడు. కులం లెక్క ప్రకారం ఇది తలకిందుల వ్యవహారం.

1868 ఆగస్టు 29న నాయ్‌గావ్ నుంచి ఆమె భర్తకు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. పంచాంగం చెబుతూ ఊళ్లు తిరిగే గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు, శార్జా అనే మహర్ యువతి ప్రేమించుకున్నారు. ఆమె గర్భవతి అని తెలియగానే ఊరు వాళ్లిద్దరినీ వీధుల్లో ఊరేగిస్తూ చంపడానికి సిద్ధమైంది. సావిత్రీబాయి పరుగున వెళ్లి అడ్డుపడింది. ఆమె ఆ గుంపుకు ప్రేమ గొప్పదనం గురించి ఉపన్యసించలేదు, చంపితే బ్రిటిష్ చట్టం ఏం చేస్తుందో గుర్తుచేసింది. ఆ జంట ప్రాణాలతో ఊరు దాటి జోతీరావు దగ్గరికి చేరింది. పరువు పేరిట కూతుళ్లను, అల్లుళ్లను చంపుతున్న మన రెండు రాష్ట్రాల్లో ఆ ఉత్తరం ప్రతి కళాశాలలో పాఠం కావాలని నా కోరిక. ప్రేమికులను కాపాడటానికి కరుణ చాలదని, చట్టాన్ని గుప్పిట పట్టుకుని గుంపు ముందు నిలబడాలని ఆమె నూట యాభై ఏళ్ల క్రితమే గ్రహించింది.

ఆ తర్వాత కరువు. మన రాయలసీమలో ధాత కరువుగా ఇప్పటికీ చెప్పుకునే 1876-78 క్షామం బళ్లారి, కర్నూలు, కడప సీమలతోపాటు దక్కన్ మరాఠీ జిల్లాలను కూడా మింగింది. 1877 ఏప్రిల్‌లో సావిత్రీబాయి జున్నర్ ప్రాంతంలోని ఓతూర్‌లో ఉంది. సత్యశోధక సమాజ్ కార్యకర్తలు ఊళ్లు తిరిగి తిండి సమకూర్చారు. వడ్డీవ్యాపారుల దోపిడీ మీద గొడవలు చెలరేగి కార్యకర్తలు అరెస్టయితే ఆమె నేరుగా కలెక్టర్‌తో మాట్లాడి విడిపించింది. గంజి కేంద్రం నడపడం, అధికారిని నిలదీయడం ఆమెకు రెండు వేర్వేరు పనులు కావు.

1890 నవంబర్ 28న జోతీరావు మరణించాడు. దత్తపుత్రుడికి కర్మ చేసే హక్కు లేదని బంధువులు అడ్డం తిరిగారు. సావిత్రీబాయి నిప్పుకుండ తానే పట్టుకుని శవయాత్ర ముందు నడిచి, చితికి నిప్పంటించింది. ఆ తర్వాత సత్యశోధక సమాజ్ బాధ్యతలు మోసింది. 1893లో సాస్వడ్ సభకు అధ్యక్షత వహించింది.

ఇక ప్లేగు. 1896లో బొంబాయికి వచ్చిన వ్యాధి కొన్ని నెలల్లో పుణెను కమ్మేసింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కరోనా నాడు మనందరి మీదా ప్రయోగించింది అదే చట్టం. ప్రభుత్వం రోగిని అనుమానితుడిగా చూసింది. ఊరి పెద్దలు సైనికుల బూట్లు వంటింట్లోకి రావడాన్ని, ఆడవాళ్ల ఒళ్లు తడమడాన్ని తలచుకుని రగిలిపోయారు. ఆ ఆగ్రహం న్యాయమైనదే. కానీ వంటిల్లు అపవిత్రమైందన్న బాధ ఊళ్లోది. వెలివాడల్లో పడి ఉన్న రోగిని ఎవరు ముట్టుకోవాలన్నది వేరే ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ముట్టుకోని మనిషిని ప్లేగు గడ్డలతో ఉన్నప్పుడు ఎవరు ముట్టుకుంటారు?

సైన్యంలో వైద్యుడిగా ఉన్న యశ్వంత్‌ను సావిత్రీబాయి పిలిపించింది. ఊరికి దూరంగా హడప్సర్ దగ్గర సాసనే వాళ్ల తోటలో తల్లీకొడుకులు ఆసుపత్రి తెరిచారు. అది వియ్యంకుల పొలం. వైద్యం అతనిది, రోగులను వెతికి తీసుకురావడం ఆమెది. కరోనా మొదటి నెలల్లో మా వీధిలో ఒక పారిశుధ్య కార్మికుడు జ్వరంతో అరుగు మీద కూలబడితే మేము కిటికీల్లోంచి చూస్తూ నిలబడ్డాం. చదువుకున్న ఇళ్లు, అభ్యుదయ భావాల ఇళ్లు. చివరికి అతని తోటి కార్మికులే వచ్చి లేపి తీసుకెళ్లారు. సావిత్రీబాయి మీద పాఠం చెప్పేటప్పుడు ఆ కిటికీ నాకు అడ్డం వస్తూనే ఉంటుంది. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న తప్పు చిరునామాకు వెళ్లిందని ఆ రోజు నాకు తెలిసింది. ప్రేమ ఎందుకు పంచాలని అవమానితులు అడగటంలో న్యాయం ఉంది. ఎందుకు పంచలేదన్న ప్రశ్న కిటికీ వెనుక నిలబడిన నాలాంటివాళ్లు ఎదుర్కోవాలి.

ముంఢ్వా ఊరవతల మహర్ వాడలో పాండురంగ్ బాబాజీ గైక్వాడ్ అనే పిల్లవాడికి ప్లేగు సోకిందని ఆమెకు కబురు అందింది. వెళ్లింది. పిల్లవాణ్ణి వీపున వేసుకుని హడప్సర్ దాకా మోసుకొచ్చింది. వ్యాధి ఆమెకూ సోకింది. మార్చి 10 రాత్రి ఆమె చనిపోయింది. రాండ్ సైనికుల సోదాలు ఊరంతా తీవ్రమయ్యే నాటికి ఆమె లేదు. జూన్‌లో తుపాకీ పేలింది, చరిత్ర పుస్తకాలు అటు తిరిగాయి. యశ్వంత్ కూడా 1905లో ప్లేగు రోగులకు వైద్యం చేస్తూ అదే వ్యాధితో కన్నుమూశాడు.

పాండురంగ్ బతికాడు.