దువ్వూరి సుబ్బమ్మ: ద్రాక్షారామం నుంచి జైలు దాకా

ద్రాక్షారామం అనగానే భీమేశ్వరాలయం, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా గుర్తొస్తాయి. ఈ ఊరి ఆడబిడ్డ దువ్వూరి సుబ్బమ్మను మాత్రం మనం చాలావరకు మరిచిపోయాం.

1880లో పుట్టిన సుబ్బమ్మకు పదేళ్లకే పెళ్లైంది. చిన్న వయసులోనే భర్త పోయారు. ఆ రోజుల్లో అలాంటి ఆడవాళ్లను మూలన కూర్చోబెట్టేవారు. ఆమె మాత్రం సంస్కృతం, తెలుగు శ్రద్ధగా చదువుకున్నారు. ఆ చదువే సభల్లో జనాన్ని కదిలించే మాటైంది. సహాయ నిరాకరణ ఉద్యమంలో ఊరూరా తిరిగి ఖద్దరు ప్రచారం చేశారు.

1922లో ఏడాది జైలు శిక్ష పడింది. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. ససేమిరా అని శిక్షంతా అనుభవించారు. తెలుగునాట రాజకీయ ఖైదీలైన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఉప్పు సత్యాగ్రహంలోనూ మళ్లీ జైలుకెళ్లారు.

ఆమె పెద్ద పని రాజమండ్రిలో మహిళలకు విద్యాలయం పెట్టడం. అక్షరాలు నేర్పడంతో ఆగక, చదువుకున్నవాళ్లు ఉద్యమ కార్యకర్తలుగా జనంలోకి వెళ్లాలన్నది ఆశయం. చేతిలో డబ్బు లేదు, ప్రభుత్వం అనుకూలం కాదు, సమాజం ఒప్పుకోదు. అయినా ఉన్న మనుషులతోనే పని నడిపించారు.

నేటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో నాయకత్వం, టీమ్ వర్క్ అంటూ పాఠాలు చెబుతున్నారు. బట్టీ చదువుతో అవి అబ్బవు. కొత్తగా ఆలోచించడం, నలుగురినీ కలుపుకుపోవడం బడిలోనే అలవాటు కావాలి. 1964లో కన్నుమూసిన సుబ్బమ్మ ఏ డిగ్రీ లేకుండానే అది చేసి చూపించారు. మన పిల్లల బడులు ఇప్పుడు ఆ అవకాశం ఇస్తున్నాయా? తల్లిదండ్రులుగా మనం ఆలోచించాల్సింది అదే.